గద్దెలో నిద్రపోయిన గడ్డి

జహీరాబాద్ గంజులో, అంటే ధాన్యం బజారులో, విత్తనాలమ్మే మనిషికి రెండు ఆస్తులుంటాయి. ఒకటి మాట, రెండోది గద్దె. మాట పోతే రెండు పంటలు మంచి విత్తనం అమ్మి మళ్ళీ తెచ్చుకోవచ్చు. గద్దె పోతే మాత్రం నిలబడి బతకాలి. 1979 ఫిబ్రవరిలో నేను మాట తొందరపడి ఆడి, గద్దెను పందెంలో పెట్టాను.

గద్దె అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. అంగట్లో మూడడుగుల ఎత్తు బల్ల, దాని మీద మందపాటి పరుపు, వీపుకు ఒక బాలీసు. మా తాత దాని మీద ఇరవై రెండేళ్ళు, మా నాయన ముప్పై నాలుగేళ్ళు, నేను అప్పటికి పదకొండేళ్ళు, మొత్తం అరవై ఏడేళ్ళు కూర్చున్నాం. దసరాకు త్రాసుతో పాటు దానికీ విభూతి పెట్టి పూజ చేస్తాం. అంతకు ముందు వేసవిలో నా భార్య గిరిజమ్మ దాని పాత దూది తీయించి, కొత్త గలేబు కుట్టించి, మళ్ళీ నింపించింది. అప్పటినుంచి అది మరీ మెత్తగా ఉంది. ఆ మెత్తదనం మీద నాకు అనుమానం రావలసింది. రాలేదు.

అంగడి నెత్తిన బోర్డు ఉంది: 'రేవణసిద్ధప్ప విత్తనాలు. ప్రతి గింజా ఈ ఏటిదే.' మా తాత ఉల్లి విత్తనంతో వ్యాపారం మొదలుపెట్టాడు. ఉల్లి గింజ ఏడాది దాటితే చచ్చినట్టే లెక్క. అందువల్ల మా ఇంటి ధర్మశాస్త్రమంతా ఉల్లిదే. ఉగాది వచ్చిందంటే పోయినేటి గింజ ఏదైనా సరే గడప దాటాలి. ఉల్లికి పెట్టిన చట్టాన్ని మేము కొత్తిమీరకు పెట్టాం, మెంతికి పెట్టాం, చివరికి గడ్డికీ పెట్టాం. నా కథలో తప్పంతా అక్కడే ఉంది.

ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున పాడి శాఖ నుంచి జగన్‌మోహన్ అనే కుర్ర ఆఫీసరు స్కూటరు మీద గంజుకు వచ్చాడు. వెనకాల ఎల్లమ్మ కూర్చుని ఉంది. ఎల్లమ్మది మొగుడంపల్లి, అక్కడి ఆడవాళ్ళ పాల సంఘానికి పెద్ద. సంఘానికి ఇరవై ఎకరాల బీడు దొరికిందట. దాంట్లో, చేల గట్ల మీదా అంజన్ గడ్డి వేయాలట. వానలు జూన్‌లో పడినా, సర్కారు కొనుగోలు కాగితం మార్చిలోపలే ముగియాలట.

"నలభై కిలోలు గావాలె. నలభైకి పావు కిలో తక్కువైనా కాగితం రద్దయితది" అన్నాడు జగన్‌మోహన్. "నెల తర్వాత వచ్చి నమూనా తీసుకుంట. నూటికి ముప్పై మొలిస్తే చాలు."

ఎదురు అంగడి రామ్‌కిషన్ శేటు అప్పటికే తన గద్దె దిగి వచ్చి నిలబడ్డాడు. ఆయనా విత్తనాల వ్యాపారే. ఇరవై ఏళ్ళుగా మేమిద్దరం పొద్దున చాయ్ కలిసి తాగుతాం, మిగతా రోజంతా ఒకరి గిరాకీని ఒకరం లాక్కుంటాం.

"ముప్పయ్యేంది సార్? నేను తెప్పిస్తే నలభై మొలుస్తది" అన్నాడు రామ్‌కిషన్.

నాకెక్కడో కాలింది. "నలభయ్యేనా? నా అంగట్ల అంత తక్కువ మొలిచే గింజ లేదు. నావి నూటికి అరవై!"

"మొలవకుంటే?"

"మొలవకుంటే దసరా నాడు నా గద్దె మీద నువ్వు కూసో. నేను నీ దుకాణంల బస్తాలు తూస్త."

హమాలీలు చేతుల్లో బస్తాలు అట్లాగే పట్టుకుని నవ్వారు. హమాలీలు విన్నారంటే గంజులో దండోరా వేయించినట్టే. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఎల్లమ్మ మాత్రం నవ్వలేదు. "మీ గద్దెల గోల నాకొద్దు సావుకారి. నా బర్రెలకు గడ్డి గావాలె. మొలవకుంటే నేనే వచ్చి మీ ఇద్దరి గద్దెల మీద పేడ గొడ్త."

నాకు భయమేమీ లేదు. నవంబరులో న్యాల్‌కల్ ఆడవాళ్ళు గట్ల మీద కంకులు దూసి తెచ్చిన యాభై కిలోల గింజ నా దగ్గర ఉంది. మూడు నెలల కిందటిది, తళతళలాడుతోంది. అంజన్ గడ్డి కంకి నక్కతోకలా ఉంటుంది. దాని గింజ ఒట్టి గింజ కాదు, చుట్టూ మెత్తని నూగుతో దూదిపింజలా ఉంటుంది. ఒక గోనెసంచి నింపితే తొమ్మిది కిలోలు కూడా తూగదు.

అలవాటు కొద్దీ మొలక పరీక్షకు పెట్టాను. తడి గోనెపట్టా మీద వరుసకు పది చొప్పున పది వరుసలు పేర్చి, చుట్ట చుట్టి, రోజూ నీళ్ళు చిలకరించి ఎనిమిదో రోజు విప్పాను. మొలిచినవి లెక్కపెట్టాను. ఆరు.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. అందులో ఒకటి అనుమానం.

నా జీవితంలో నూటికి ఆరు అనే లెక్క అంతకు ముందు ఒక్కసారే చూశాను, ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షలో. నీళ్ళ తప్పేమో అనుకుని బావి మార్చాను. పట్టా తప్పేమో అనుకుని కొత్త గోనె కోశాను. రెండోసారి అయిదు మొలిచాయి. పద్నాలుగు రోజులు ఖర్చయ్యాయి. చేతిలో మిగిలినవి పదహారు.

రామ్‌కిషన్ రోజూ పొద్దున చాయ్‌కి వచ్చి, నిలబడే తాగుతూ, నా గద్దెను ఎగాదిగా చూసేవాడు. ఒకరోజు జానతో కొలిచాడు కూడా.

"ఏంది శేటూ, కొలుస్తున్నవ్?"

"ఏం లేదప్పా. నాది నీకన్న జర వెడల్పు గదా, పడ్తదా లేదా అని చూస్తున్న."

ఈ గొడవలో మా బావమరిది చెన్నబసప్ప హుమ్నాబాద్ నుంచి దిగాడు, చలిజ్వరంతో సహా. దవాఖానలో మందుబిళ్ళలిచ్చి, నుదుటి మీద తడిగుడ్డ మార్చుతూ ఉండమన్నారు. చెన్నబసప్ప ఏ పనినైనా పడుకునే చేసే మనిషి. ఇప్పుడు దానికి డాక్టరు చీటీ కూడా దొరికింది. అయిదు రోజులు దిండు మీద నుంచి తల ఎత్తలేదు. తడిగుడ్డ నీళ్ళన్నీ ఆ దిండులోకే దిగాయి.

ఆరో రోజు పొద్దున ఇంట్లోంచి కేక వినిపించింది.

"అక్కా! బావా! నా చెవులకెల్లి గడ్డి మొలుస్తున్నది!"

పరుగెత్తి వెళ్ళాను. జ్వరం తలకెక్కిందనే అనుకున్నాను. చెన్నబసప్ప మంచం మీద బిగుసుకుని కూర్చున్నాడు. చెవి మీద చేయి పెట్టుకుని ఉన్నాడు, చెవిలో ఏమీ లేదు. దిండు కుట్టు సందుల్లోంచి మాత్రం పచ్చగా, సన్నగా, వెంట్రుకల్లాంటి మొలకలు వరుసగా నిలబడి ఉన్నాయి.

నేను చేసిన మొదటి పని లెక్కపెట్టడం. పక్క కుట్టు దగ్గరే నలభై దాటాయి.

"గిరిజా! ఈ దిండుల ఏం నింపినవే?"

గిరిజమ్మ పిండి చేతులతో వచ్చింది. మొలకలను చూసి ముక్కు మీద వేలేసుకుంది, ముక్కుకు పిండి అంటింది.

"మీ గడ్డి గింజలే. పోయినేడు గిరాకీ లేక మిగిలినయి గదా, ఉగాదికి పారెయ్యమన్నరు. గింత మెత్తటి సరుకు ఎవరన్న పారేస్తరా? ముప్పై దిండ్లు కుట్టిన. ఒక్కోదాంట్ల కిలోంబావు పట్టింది."

ఆ మాట విన్నప్పుడు నా కాళ్ళు నేల మీద ఉన్నాయో లేదో నాకు గుర్తులేదు. దిండుకు రెండో చివర పొడిగా ఉన్న గింజ నూరు ఏరి పరీక్షకు పెట్టాను. వ్యాపారిని కాబట్టి అంతటితో ఊరుకోలేదు. అదే పోయినేటి గింజ ఇంకా ఎక్కడెక్కడ ఉందో ఇల్లంతా గాలించాను. గోదాములో గోడవార నేల మీద ఒక సగం సంచి పడి ఉంది, వానాకాలమంతా గోడ చెమ్మ తాగింది. వంటింట్లో ఒక నేతిడబ్బా ఉంది. మరో దిండుకని గిరిజమ్మ అందులో గింజ పోసి, ఎండబెట్టక ముందే మూత బిగించి మరిచిపోయిందట. మూత తీస్తే బూజు పట్టిన ఊరగాయ వాసన వచ్చింది. ఆ రెండింటిలోంచీ చెరో నూరు గింజలు పెట్టాను.

ఎనిమిదో రోజున మూడు చుట్టలూ విప్పాను. గోదాము సంచి: సున్న. నేతిడబ్బా: సున్న. దిండు: అరవై మూడు.

ఒకే గట్టు మీద, ఒకే వారంలో దూసిన గింజలు. దాచిన చోటు మారేసరికి ఇంత తేడా.

"ఏం జేసినవ్ చెప్పు, ఒక్కటి విడువకుండ చెప్పు" అన్నాను గిరిజమ్మతో, పెన్సిలు తీసుకుని.

"ఏం జేస్త? నాలుగు రోజులు మిద్దె మీద ఎండబెట్టిన. ఎండిన వేపాకు కలిపిన. దిండ్లు కుట్టి, వానకాలమంత పొయ్యి మీది అటుకల పెట్టిన, ముక్కిన వాసన రావద్దని. దసరాకు దించి చుట్టాలకు, దోస్తులకు పంచిన."

"పంచినవా?"

"తొమ్మిది మన ఇంట్లనే ఉన్నయి. ఇరవై ఒకటి పంచిన. మీరే గదా అన్నరు, అది గడప దాటాలె అని."

ఆఫీసరు రావడానికి ఇక మిగిలింది మూడు రోజులు. ముప్పై దిండ్లు, ఒక్కోటి కిలోంబావు, అంటే ముప్పై ఏడున్నర కిలోలు. అన్నీ దొరికినా రెండున్నర తక్కువ. ముందు దిండ్లు పోగుచేద్దాం, తక్కువ సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. దూదేకుల మనిషిని పిలిచి కొత్త దూది దిండ్లు కుట్టించాను. జ్వరం తగ్గిన చెన్నబసప్పను వెంటబెట్టుకుని, ఎడ్లబండి నిండా దూది దిండ్లు వేసుకుని బయలుదేరాను. ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. గిరిజమ్మ ముచ్చటపడి మంచి దిండ్లు కుట్టిచ్చింది, పాతవి వాపసు ఇయ్యున్రి అని మాత్రమే అన్నాను.

వ్యాపారిగా నేను చేసిన రెండో తప్పు అదే. పాతది ఇస్తే కొత్తది ఊరికే దొరుకుతుందనే మాట ఊళ్ళో బండి కన్నా వేగంగా పోయింది. మధ్యాహ్నానికి మా ఇంటి ముందు వరుస కట్టారు. గడ్డి దిండ్లు, పీలికల దిండ్లు, నూనె ముద్దయినవి, ఒక ముసలాయన చంకలో చుట్టబెట్టిన గొంగడి కూడా ఉంది.

"ఇది దిండు గాదు తాతా."

"ఎందుకు గాదు? నలభై ఏండ్ల సంది తలకింద ఇదే పెట్టుకుంటున్న."

మావి పోల్చుకోవడానికి నేను దిండు దిండుకూ ముక్కు ఆనించి వేపాకు వాసన పట్టాల్సి వచ్చింది. ఆ రోజు జహీరాబాద్‌లో ఎన్ని రకాల తలనూనెలు వాడతారో తెలుసుకున్నాను. పదకొండు.

చిరాగ్‌పల్లిలో రోడ్డు మీద బస్వమ్మ హోటలు ఉంది. లారీవాళ్ళు అన్నం తిని ఆమె నులకమంచాల మీద ఓ గంట కునుకు తీసి బొంబాయి వైపు పోతుంటారు. గిరిజమ్మకు ఆమె చిన్ననాటి దోస్తు కాబట్టి నాలుగు దిండ్లు అక్కడున్నాయి. మేము వెళ్ళేసరికి మూడింటి మీద మూడు తలలు గురక పెడుతున్నాయి. చెన్నబసప్ప ఒక్కో డ్రైవరు తల ఎత్తి పట్టుకోవడం, నేను మా దిండు లాగి దూది దిండు పెట్టడం. నిద్ర విషయంలో చెన్నబసప్ప చెయ్యి చాలా మెత్తన. ఇద్దరు కదలలేదు. మూడోవాడు, ఒక సర్దార్జీ, కళ్ళు తెరిచి, నన్ను చూసి, "మా" అని తల్లిని పిలిచి మళ్ళీ పడుకున్నాడు.

"నాలుగోది ఏది బస్వమ్మా?"

"ఒక డ్రైవరు నచ్చిందని తీస్కపోయిండు బావా. మొన్న పొద్దుగాల పోయిండు. ఈపాటికి బొంబాయిల దాని మీద పండుకొని ఉంటడు."

న్యాల్‌కల్‌లో మా మేనత్త కూతురింట్లో పసిపాప ఉంది. దిండు చేతికి తీసుకోగానే పరీక్ష అక్కర్లేదని తేలిపోయింది. దాన్ని అక్కడే వదిలేశాను.

మూడో రోజు పొద్దునకు లెక్క ఇది. ముప్పైలో ఒకటి చెన్నబసప్ప చెవి కింద మొలిచింది. ఒకటి బొంబాయి పోయింది. ఒకటి పాప తడిపింది. రెండు రామ్‌కిషన్ ఇంట్లో ఉన్నాయి, వాళ్ళావిడకు గిరిజమ్మ దసరాకు ఇచ్చినవి. మిగిలిన ఇరవై అయిదూ విప్పి, వేపాకు చెరిగి తూస్తే ముప్పై ఒకటింబావు. ఎనిమిది ముప్పావు కిలోలు తక్కువ.

గోడవార నా కొత్త గింజ యాభై కిలోలు నన్నే చూస్తున్నాయి. అందులోంచి ఎనిమిది ముప్పావు కలిపితే? పెన్సిలు తీశాను. నూటికి యాభై మొలుస్తాయి. ఆఫీసరు అడిగింది ముప్పై. ఎల్లమ్మకు గడ్డి వస్తుంది, కాగితం చెల్లుతుంది. సర్కారుకు చాలే లెక్క, నా గద్దెకు చాలదు. నా నోటితో నేనే అన్న ఆ అరవైని ఎన్నిసార్లు తిట్టుకున్నానో దాని లెక్క మాత్రం పెట్టలేదు.

పదిగంటలకు జగన్‌మోహన్ స్కూటరు రావాలి. తొమ్మిదిన్నరకు రామ్‌కిషన్ వచ్చాడు, రెండు దిండ్లూ రెండు చంకల్లో పెట్టుకుని. మొహం వెలిగిపోతోంది.

"క్యా అప్పా, ఊరందరి దిండ్లు మారుస్తున్నవ్, మా ఇంటికి రాలే? నేను పరాయోణ్ణా?"

"నీకెందుకులే శేటూ, నీ మెడకు అవి పడినయి గదా."

"పడినయి. మెడనొప్పి పోయింది. గందుకే రాత్రి కుట్టిప్పి చూసిన, లోపల ఏమున్నదబ్బా అని." రామ్‌కిషన్ గొంతు తగ్గించాడు. "పోయినేటి గడ్డి గింజలు! నీ బోర్డు మీద ఏం రాసున్నదో చదవమంటవా?"

ఆయన దిండ్లు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తీరిగ్గా నా గద్దె అంచు మీద కూర్చున్నాడు.

"ఈ రెండు నేనే ఇస్త, తీస్కో. రెండున్నర కిలోలు. అయినా ఆరుంబావు తక్కువే గదా? నేను గుడ లెక్కగట్టిన." పైకీ కిందికీ ఊగి చూశాడు. "అబ్బ! మస్తు మెత్తగున్నదప్పా నీ గద్దె. దూది గిట్ల ఉండదు. లోపల ఏం నింపిన్రు?"

నేను వెనక్కి తిరిగి చూశాను. అంగడి వెనక తలుపు దగ్గర గిరిజమ్మ నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

"గిరిజా," అన్నాను మెల్లగా, "గద్దెల ఏం నింపినవే?"

"ఇంకేం నింపుత? మీరు పారెయ్యమన్నదే."

పది నెలలుగా నేను దాని మీద కూర్చున్నాను. దాని మీద కూర్చునే ముక్కు పట్టుకుని పాత గింజలను తిట్టాను. దాని మీద కూర్చునే పందెం కాశాను.

అప్పుడు లెక్క ఇట్లా నిలబడింది. గద్దె కోయకపోతే నలభై నిండదు, కొత్త గింజ కలిపితే పందెం ఓడతాను, గద్దె పోతుంది. గద్దె కోస్తే నలభై నిండుతుంది. కానీ పది నెలలు నా బరువు కింద, అంటే ఎనభై ఆరు కిలోల కింద, నలిగిన గింజలో ప్రాణం ఉందో లేదో పరీక్షించడానికి ఎనిమిది రోజులు కావాలి. నా దగ్గర ఉన్నవి ఇరవై నిమిషాలు. అది చచ్చిన గింజయితే గద్దె ఉత్తపుణ్యానికి పోయి, పందెమూ పోతుంది.

"లేవు శేటూ" అన్నాను.

"ఎందుకు?"

"గద్దె కోస్త."

రామ్‌కిషన్ లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియదు. సంచులు కుట్టే దబ్బనంతో మూల కుట్టు తెంపి గలేబు చించాను. లోపలి నుంచి అంజన్ గింజ ఉబికి, బల్ల మీద, మా ఇద్దరి గడ్డాల మీద, గిరిజమ్మ జుట్టు మీద పడింది. రామ్‌కిషన్ తుమ్మడం మొదలుపెట్టాడు. గద్దె, బాలీసు కలిపి తొమ్మిదిన్నర కిలోలు. మొత్తం నలభై ముప్పావు. రామ్‌కిషన్ దిండ్లు ఆయనకే వాపసు ఇచ్చాను.

జగన్‌మోహన్ ఎల్లమ్మతో సహా వచ్చేసరికి అంగడి మంచు పడిన దేశంలా ఉంది.

"ఇదేంది సావుకారి, పెండ్లి పందిరి ఏసినవా?" అంది ఎల్లమ్మ.

ఆఫీసరు సంచుల్లో చెయ్యి పెట్టి, పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి పిడికెడు చొప్పున తీశాడు. ఒక ఎండు వేపాకు తగిలింది. దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

రామ్‌కిషన్ తుమ్ము ఆపుకుని అన్నాడు. "సార్, అవి ఈ ఏటివి గావు. బోర్డు జూడున్రి."

హమాలీలు మూగారు. బోర్డు మా నాయన రాయించింది. నేను తల ఎత్తి దాన్ని చూసి, తల దించి నిజం చెప్పాను. "పోయినేటివే సార్. దిండ్లల్ల దొరికినయి, ఇప్పుడే నా గద్దెల గుడ దొరికినయి. ఈ ఏటివి నూటికి ఆరే మొలిచినయి."

నేను ఎదురుచూసింది చీవాట్లు. జగన్‌మోహన్ పగలబడి నవ్వాడు.

"మొలవవు గదా! ఈ గడ్డికి కొత్త గింజ నిద్రల ఉంటది. తీసినంక ఆర్నెల్లో, ఏడాదో పొడి చోట పడుకోవాలె, అప్పుడు లేస్తది. తడి తగిలితే ఆ నిద్రలనే సచ్చిపోతది."

"ఈ ముక్క నెల కింద చెప్తే మీకు పుణ్యముండేది గద సార్!"

"మీరు అడగలే. నేను ముప్పై అంటే మీరు అరవై అన్నరు. ఈయనకు నాకన్న ఎక్కువ తెలుసనుకున్న."

హమాలీల నవ్వుకు త్రాసు పళ్ళాలు ఊగాయి. నవ్వు సంగతి సరే, పందెం పందెమే. నూరు గింజలు అందరి ముందూ ఏరి, తడిపట్టాలో చుట్టి, ఎల్లమ్మ చేతికిచ్చారు. గంజులో ఎవరి పక్షమూ కాని మనిషి ఆమె ఒక్కతే. తన బర్రెల కొట్టంలో వెచ్చగా పెట్టుకుంటానంది.

ఆ ఎనిమిది రోజులూ నేను ఉత్త చెక్క మీద కూర్చున్నాను. గిరాకీలు వచ్చి "గద్దె ఏది?" అని అడిగితే "పరీక్షకు పోయింది" అన్నాను.

ఎనిమిదో రోజు ఎల్లమ్మ చుట్టను నెత్తి మీద పెట్టుకుని వచ్చింది. వెనకాల సంఘం ఆడవాళ్ళు పదిమంది, స్కూటరు మీద ఆఫీసరు. బల్ల మీద చుట్ట విప్పారు. పచ్చగానే ఉంది, కానీ వ్యాపారి కళ్ళకు పచ్చదనం చాలదు, లెక్క కావాలి.

ఎల్లమ్మ పాలు కొలిచినట్టే మొదలుపెట్టింది. మా వైపు కొలతలో ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం... రెండు... మూడు..." మొలిచినదాన్నల్లా వేలితో ఏరి పక్కన పెడుతోంది. ఇరవై దాటింది. నలభై దాటింది. ముప్పై దాటినప్పుడే ఆఫీసరు కాగితం మీద సంతకం చేసేశాడు, ఆయనకిక పని లేదు, అయినా కదలలేదు. యాభై దగ్గర గిరిజమ్మ నా భుజం పట్టుకుంది. యాభై అయిదు దగ్గర గిల్లింది.

"యాభై ఎనిమిది... యాభై తొమ్మిది."

ఎల్లమ్మ వేలు పట్టా అంతా తిరిగింది. మళ్ళీ తిరిగింది. మిగిలినవి కదలని గింజలు.

"గంతే సావుకారి."

యాభై తొమ్మిది. బొంబాయి పోయిన ఆ ఒక్క దిండూ నా కళ్ళ ముందు తిరిగింది. నేను దించిన తల ఎత్తకుండానే, చెక్క మీద నుంచి దిగాను.

రామ్‌కిషన్ కళ్ళద్దాలు సవరించుకుని, పట్టాను రెండు చేతులా ఎత్తి దులిపాడు. ఏరడం అయ్యాక పట్టా దులిపి చూడటం విత్తనాలవాడి అలవాటు. ఎవరి పట్టా అయినా చెయ్యి ఊరుకోదు.

"అరె ఎల్లమ్మా, ఇదిగో, మడతల ఒకటి అంటుకున్నది. ఏరు పెట్టింది, ఆకు గుడ వచ్చింది. రాయి, అరవై!"

అని, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు.

"హాయ్ రామ్! నేనెందుకు జెప్పిన?"

ఆ తర్వాత ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో చెప్పలేను. హమాలీలు నన్ను ఎత్తారని గుర్తు. ఎనభై ఆరు కిలోలు బాగానే మోశారు, వాళ్ళకు వంద అలవాటు. చెన్నబసప్ప రామ్‌కిషన్‌ను కౌగిలించుకుని వదలలేదు. ఎల్లమ్మ ఆ అరవయ్యో మొలకను చిటికెడు మట్టితో సహా ఆకులో చుట్టుకుంది, నా బర్రెకు దీన్నే మొదలు పెడ్త అంటూ.

"గెలిచినవ్ గదా అప్పా, కూసో నీ గద్దె మీద" అన్నాడు రామ్‌కిషన్, ఉత్త చెక్కను చూపించి. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు.

జూన్‌లో మృగశిర వానలు పడ్డాయి. పదిహేను రోజులకు మొగుడంపల్లి నుంచి ఎల్లమ్మ కబురు పంపింది. "నీ గద్దె మస్తు మొలిచింది సావుకారి. వచ్చి జూస్కపో."

వెళ్ళి చూశాను. ఇరవై ఎకరాల్లో మూడు తరాల మేము పచ్చగా ఊగుతున్నాం.

గోదాములో మిగిలిన కొత్త గింజను నేను పారేయలేదు. గిరిజమ్మ చెప్పినట్టే ఎండబెట్టి, అటక మీద పెట్టి, అప్పుడప్పుడు నూరు గింజలు మొలకకు పెట్టి చూశాను. ఫిబ్రవరిలో ఆరు మొలిచింది జూన్‌లో ఇరవై మొలిచింది. దసరా ముందు చూస్తే యాభై రెండు. గింజ అదే, తీరిగ్గా నిద్ర లేస్తోంది.

బోర్డు మీద ఒక వరుస కలిపించాను: 'గడ్డి గింజలు మాత్రం పోయినేటివే.' దాని కింద రంగులవాడు చెయ్యి ఆపుకోలేక ఒక దిండు బొమ్మ వేశాడు. ఉండనిచ్చాను.

ఆ దసరాకు గిరిజమ్మ కొత్త గలేబులో అంజన్ గింజ నింపి గద్దె కుట్టింది. విభూతి పెట్టి పూజ అయ్యాక రామ్‌కిషన్‌ను పిలిచి, ఓడినా సరే, ఒక్క గడియ కూర్చోమన్నాను. ఆయన కూర్చుని ఊగి చూశాడు, నిట్టూర్చాడు, లేవలేదు. నేను ఆయన చెవి దగ్గర వంగి అన్నాను.

"జర మెల్లగ ఊగు శేటూ. లోపల పండుకొని ఉన్నయి. ఆఫీసరు మార్చికి మళ్ళ వస్తనన్నడు."